ట్యూనర్ శాస్త్రం, భాష్య సహితం

అరవై నాలుగు కళల జాబితాలో కోడిపందాలకు చోటుంది. జూదానికి ఉంది. చిలుకకు మాటలు నేర్పే విద్యకు కూడా ఉంది. రేడియో ముందు కూర్చుని ఒక బొత్తాం నొక్కి, పక్కనున్న పెట్టెలో టకటక మొదలై ఆగేదాకా ఊపిరి బిగబట్టే విద్యకు మాత్రం లేదు. వాత్స్యాయనుడి కాలానికి రేడియో తరంగాల సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేం. తర్వాత వచ్చిన పండితులకు ఆ సాకు లేదు. ఔత్సాహికులు నడిపే హామ్ రేడియో పుట్టి వందేళ్ళు దాటింది. ఆటోమేటిక్ యాంటెన్నా ట్యూనర్ ఔత్సాహికుల బల్లల మీదికెక్కి దశాబ్దాలు గడిచాయి. ఇంతవరకు దానికి సూత్రం లేదు, వృత్తి లేదు, వార్తికం లేదు. తయారుచేసినవాళ్ళు అట్టపెట్టెలో పడేసే చిన్న పుస్తకమే ఆధారం. అందులో 'ట్యూన్ బొత్తాం నొక్కండి' అని ఉంటుంది. నొక్కేముందు ఏ మనఃస్థితిలో ఉండాలో, నొక్కాక ఏం జరిగిందని నమ్మాలో ఉండదు. ఆ లోటు పూడ్చడానికే ఈ ప్రయత్నం.

అనుబంధ చతుష్టయం

ఏ శాస్త్రమైనా మొదట విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగూ చెప్పుకోవాలి. విషయం ట్యూనర్. ప్రయోజనం చివర్లో చెబుతాను, ముందే చెబితే చదివేవాళ్ళు మిగలరు. సంబంధం కోయాక్స్ కేబుల్ ద్వారా. ఇక అధికారి ఎవరు? కేంద్ర ప్రభుత్వపు వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం వారి పరీక్ష నెగ్గి, వీయూ2 తోనో వీయూ3 తోనో మొదలయ్యే కాల్‌సైన్ సంపాదించి, తనది కాని డాబా మీద తనదైన యాంటెన్నా తీగ ఒకటి కట్టుకున్న మనిషి. ఆ తీగ ఉండాల్సినంత పొడవు లేదని, ఉండాల్సినంత ఎత్తున లేదని, చూడాల్సిన దిక్కుకు చూడటం లేదని తెలిసీ రాత్రి నిద్రపట్టే మనిషి. స్త్రీ పురుష భేదం లేదు. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి కంటపడకుండా తీగ దించగల చాకచక్యం ఉంటే ఉత్తమాధికారి.

సమస్యా ప్రకరణం

సూత్రం: రేడియో కోరేది యాభై, తీగ ఇచ్చేది దాని ఇష్టం.

భాష్యం: ఈనాటి ట్రాన్సీవర్లన్నీ తమ వెనకున్న సాకెట్టుకు 50 ఓమ్‌ల భారం తగిలించి ఉంటుందన్న నమ్మకంతో పుడతాయి. ఈ యాభై ఆకాశం నుంచి ఊడిపడలేదు. లోపల గాలి మాత్రమే ఉన్న కోయాక్స్ గొట్టంలో నష్టం అతి తక్కువగా ఉండేది 77 ఓమ్‌ల దగ్గర. అదే గొట్టం అతి ఎక్కువ శక్తిని మోయగలిగేది 30 ఓమ్‌ల దగ్గర. పెద్దలు రెంటికీ మధ్యన రాజీపడి 50 దగ్గర ఖాయం చేశారు. రాజీలో పుట్టిన అంకె విషయంలో రేడియోలు ఇప్పుడు ఏ రాజీకీ ఒప్పుకోవు.

వాల్వుల కాలంలో ఇంత పట్టింపు లేదు. ట్రాన్స్‌మిటర్ ముఖాన 'ప్లేట్' అని ఒకటి, 'లోడ్' అని ఒకటి రెండు మరలుండేవి. మీటరు ముల్లు చూసుకుంటూ వాటిని అటూ ఇటూ తిప్పితే రకరకాల తీగలకు రేడియో సర్దుకునేది. ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆ మరలు పోయాయి. వాటితోపాటు రేడియో సహనం కూడా పోయింది. ఎదుట భారం యాభైకి బాగా దూరంగా ఉంటే, అంటే ఆ దూరాన్ని కొలిచే ఎస్‌డబ్ల్యుఆర్ రెండు దాటిపోతుంటే, ఇప్పటి రేడియో తన ప్రాణం కాపాడుకోవడానికి శక్తిని తనంతట తానే తగ్గించుకుంటుంది. వంద వాట్ల డబ్బు పెట్టి కొన్నవాడు పాతిక వాట్లతో మాట్లాడతాడు.

తీగ సంగతి చూద్దాం. 142.5ను మెగాహెర్ట్జులతో భాగిస్తే సగం తరంగం డైపోల్ పొడవు మీటర్లలో వస్తుంది. 40 మీటర్ల బ్యాండులో 7.1 మెగాహెర్ట్జులకు అది 20 మీటర్లు. ఈ తీగ నడుమ కోయాక్స్ కలిపితే 7.1 దగ్గర యాభైకి చుట్టుపక్కలే పలుకుతుంది, రేడియో సంతోషిస్తుంది. అదే తీగ మీద 14 మెగాహెర్ట్జుల్లో మాట్లాడబోతే పూర్తి తరంగం పొడవైపోయి, నడిమధ్య కొన్ని వేల ఓమ్‌లు చూపిస్తుంది. మళ్ళీ 21లో బుద్ధిగా ఉంటుంది. ఒక్క తీగ కట్టి అన్ని బ్యాండ్లూ కావాలనుకోవడం మానవ స్వభావం. ఆ ఆశకూ ఓమ్ సూత్రానికీ మధ్య ఉన్న ఖాళీలో కూర్చునేది ట్యూనర్.

స్వరూప ప్రకరణం

సూత్రం: తీగ మారదు, రేడియో మనసు మారుతుంది.

భాష్యం: ఇదే ఈ శాస్త్రానికి గుండెకాయ. బొత్తాం నొక్కితే డాబా మీద తీగ ఏదో సర్దుకుందని నూటికి తొంభైమంది శిష్యులు అనుకుంటారు. తీగ అంగుళం కదలదు, ఒక్క ఓమ్ మారదు. ట్యూనర్ చేసేది పెళ్ళిళ్ళ పేరయ్య పని. అబ్బాయి కట్నం తగ్గించుకోడు, అమ్మాయి పొడుగు పెరగదు. పేరయ్య మాత్రం అటువాళ్ళకు చెప్పాల్సిన మాట అటు చెప్పి, ఇటువాళ్ళకు చెప్పాల్సిన మాట ఇటు చెప్పి, ముహూర్తం పెట్టించేస్తాడు. ట్యూనర్ కూడా రేడియో వైపు తిరిగి 'ఇక్కడున్నది సాక్షాత్తూ యాభై ఓమ్‌లే' అంటుంది. రేడియో నమ్మి వంద వాట్లు ధారపోస్తుంది. అటువైపు తీగ మూడు వందల ఓమ్‌లతో మూతి ముడుచుకుని ఉన్నా, ఆ వాట్లు దాని గడపలోకి చేరతాయి. ఎక్కువ భాగం చేరతాయి అనాలి, కొంత పెట్టెలోనే వేడిగా మిగులుతుంది. మధ్యవర్తి ఖర్చు లేకుండా ఏ సంబంధం కుదిరింది గనక!

ప్రస్తార ప్రకరణం

ఇది కాస్త పెద్దది. ఛందస్సు రానివాళ్ళు వదిలేసి ముందుకు పోవచ్చు. ఛందస్సు వచ్చినవాళ్ళకు ఇంతకంటే రుచికరమైన భాగం ఈ శాస్త్రంలో లేదు.

పెట్టె మూత తీస్తే తీగచుట్టలు, కెపాసిటర్లు, వాటిని వలయంలోకి లాగుతూ తోస్తూ ఉండే రిలేలు, వీటన్నిటి మీదా పెత్తనం చేసే చిన్న మైక్రోకంట్రోలర్ కనిపిస్తాయి. చుట్టలు ఏడో ఎనిమిదో, కెపాసిటర్లు ఏడో ఎనిమిదో. ఒక్కోదాని విలువ దాని ముందుదానికి సుమారు రెట్టింపు. ఎనిమిదీ ఎనిమిదీ ఉన్నదాన్నే తీసుకుందాం. వీటికి తోడు ఇంకొక రిలే ఉంటుంది. కెపాసిటర్లను చుట్టలకు ఇటుపక్క కట్టాలా అటుపక్క కట్టాలా అని తేల్చేది అదే: భారం యాభైకి ఎక్కువైతే తీగ పక్కన, తక్కువైతే రేడియో పక్కన. మొత్తం 17 రిలేలు. ప్రతిదానికీ రెండే గతులు.

ఇక్కడ ఇంజనీరు కాల్‌క్యులేటర్ తీస్తాడు. మన లాక్షణికుడికి ఆ అవస్థ లేదు. రిలే పడితే గురువు, లేస్తే లఘువు. పాదానికి పదిహేడు అక్షరాలంటే అత్యష్టి ఛందం. అందులో పుట్టగల వృత్తాలు 1,31,072 అని కాయిల్స్ లేని రోజుల్లోనే లెక్క తేలిపోయింది. శిఖరిణి, పృథ్వి, హరిణి ఇందులోవే. మందాక్రాంతం కూడా ఇందులోదే.

మందాక్రాంతం పేరు చెప్పాక ఆగకుండా పోవడం రసజ్ఞుల లక్షణం కాదు. కాళిదాసు మేఘసందేశం నడిపింది ఈ వృత్తంలోనే. రామగిరి నుంచి అలకాపురికి తీగలేకుండా, ఆకాశం మీదుగా వార్త పంపాలనుకున్న కవి, ఉన్న ఛందాలన్నీ వదిలి పదిహేడు స్థానాలదాన్నే ఎంచుకోవడం కాకతాళీయమని కొందరంటారు. ఈ శాస్త్రకారుడు ఆ వాదన ఒప్పుకోడు. యక్షుడు మేఘం మీద ఆధారపడ్డాడు, మనం అంతకంటే చాలా పైన, రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉండే అయనోస్ఫియర్ మీద ఆధారపడతాం. యక్షుడికి జవాబు అందిన దాఖలా కావ్యంలో లేదు. బ్యాండు మూసుకుపోయిన రాత్రుల్లో మనకూ అంతే.

ఇంకో అడుగు ముందుకు వేస్తే, మందాక్రాంతాన్నే ట్యూనర్‌లో పోసి చూడవచ్చు. మొదట నాలుగు గురువులు, ఆపైన ఐదు లఘువులు, తర్వాత గురువు గురువు లఘువు, మళ్ళీ గురువు గురువు లఘువు, చివర రెండు గురువులు. అంటే చుట్టల్లో మొదటి నాలుగూ లోపల, మిగతా నాలుగూ బయట. కెపాసిటర్లలో ఒకటోది, నాలుగోది, ఏడోది బయట, తక్కినవి లోపల. పదిహేడో రిలే పడి ఉంటుంది. ఈ అమరిక ఏ తీగకు, ఏ బ్యాండులో నప్పుతుందో తేల్చమని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు విన్నపం. డాక్టరేట్లకు ఇంతకంటే దిక్కుమాలిన విషయాలు ఎన్నో చూశాం.

ట్యూనర్ ప్రస్తారం మొత్తం వేస్తుందా అంటే, వేయదు. ఒక్కో వృత్తానికి 5 మిల్లీసెకన్లు ఇచ్చినా అన్నిటినీ చూసేసరికి పదకొండు నిమిషాలు పడుతుంది. అంతసేపు గాల్లోకి ఊళ వదులుతూ కూర్చుంటే దేశంలో సగంమంది హాములు శత్రువులవుతారు. అందుకని ముందు పెద్ద అంగలు వేసి ఏ దిక్కున ఎస్‌డబ్ల్యుఆర్ తగ్గుతోందో కనిపెట్టి, ఆ చుట్టుపక్కల చిన్న అంగలు వేస్తుంది. కొన్ని సెకన్లలో పని ముగుస్తుంది. దొరికిన అమరికను ఆ ఫ్రీక్వెన్సీ పేరు మీద దాచుకుంటుంది. మరోసారి అక్కడికే వస్తే వెతకదు, రెప్పపాటులో పెట్టేస్తుంది. వృత్తం సంఖ్య చెబితే దాని గురులఘు స్వరూపం చెప్పడాన్ని మన లాక్షణికులు నష్టం అన్నారు. ఫ్రీక్వెన్సీ చెబితే రిలేల స్వరూపం చెప్పడాన్ని ట్యూనర్ కంపెనీలు మెమరీ అంటున్నాయి. ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడికి రాయల్టీ మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు.

మత ప్రకరణం

ఎస్‌డబ్ల్యుఆర్ ఎంత ఉంటే చాలు? దీని మీద మూడు మతాలు.

అద్వైతులు 1:1 తప్ప మరొకటి ఒప్పుకోరు. తీగవైపు వెళ్ళే శక్తి ఒక్కటే సత్యం, అక్కడినుంచి తిరిగివచ్చే శక్తి మిథ్య అన్నది వారి సిద్ధాంతం. ముల్లు 1.2 చూపినా బొత్తాం మళ్ళీ నొక్కుతారు. విశిష్టాద్వైతులు 1.5 దగ్గర తృప్తిపడతారు. తిరిగివచ్చేది ఉంది, కానీ అది నూటికి నాలుగే, వెళ్ళేదానికి లోబడి ఉంటుంది అంటారు. ద్వైతులు 2:1ని నిర్భయంగా అంగీకరిస్తారు. వెళ్ళేది వేరు, తిరిగివచ్చేది వేరు, రెండూ సత్యమే, రెండోది నూటికి పదకొండు, అయితే ఏమిటట అంటారు.

శాస్త్రకారుడి మొగ్గు ద్వైతం వైపే. కారణం చెబుతాను. పదకొండు శాతం పూర్తిగా గంగలో కలిసిందనుకున్నా, అది అర డెసిబెల్. అవతలివాడి రేడియోలో ఎస్ మీటరు ఒక్క గీత కదలాలంటే 6 డెసిబెల్స్ కావాలి. అంటే 2:1ని 1:1 చేయడానికి అరగంట తంటాలుపడినవాడు అవతలి మీటరులో గీతలో పన్నెండో వంతు గెలుచుకుంటాడు. ఆ పన్నెండో వంతు చూడగల కన్ను ఇంతవరకు పుట్టలేదు. అద్వైతులకు ఈ లెక్క ఎన్నిసార్లు చూపించినా ప్రయోజనం ఉండదు. వాళ్ళకు కావలసింది అవతలివాడికి వినిపించడం కాదు, ముల్లు నిలబడటం.

చార్వాకులు కూడా కొందరున్నారు. వాళ్ళ దగ్గర మీటరే ఉండదు కాబట్టి తిరిగివచ్చే శక్తి వాళ్ళ లోకంలోనే లేదు. వాళ్ళ రేడియోలు తరచు మరమ్మతుకు వెళుతుంటాయి, కానీ దానికి వాళ్ళు వేరే కారణాలు చెప్పుకుంటారు.

ఇక అద్వైతం పరాకాష్ఠ డమ్మీ లోడ్. ఇది 50 ఓమ్‌ల రెసిస్టర్, వేడి చల్లారడానికి ఒక డబ్బాలో పెట్టి ఉంటుంది. దీన్ని తగిలిస్తే అన్ని బ్యాండ్లలోనూ, అన్ని ఋతువుల్లోనూ 1:1. ముల్లు చెక్కుచెదరదు. ట్యూనర్ అక్కర్లేదు. ఒక్క వాటు తిరిగి రాదు. ఒక్క మాట కూడా ఎవరికీ వినపడదు.

ప్రతిఫలన వివాదం

పూర్వపక్షం: తిరిగివచ్చిన శక్తి రేడియోలో దూరి ట్రాన్సిస్టర్లను కాల్చేస్తుంది. కనుక ఎంత తిరిగివస్తే అంత నష్టం.

సిద్ధాంతం: ఈ అపోహను చీల్చి చెండాడినవాడు వాల్టర్ మాక్స్‌వెల్. ఆర్‌సీఏలో ఉపగ్రహాల యాంటెన్నాల మీద పనిచేసిన ఇంజనీరు, స్వయంగా హామ్. 1973 నుంచి అమెరికా వారి క్యూఎస్‌టీ పత్రికలో వరసగా రాసి, తర్వాత వాటిని పుస్తకంగా తెచ్చాడు. ఆయన చెప్పింది స్థూలంగా ఇది: ట్యూనర్ సరిగ్గా కుదిరితే, తీగ దగ్గరనుంచి వెనక్కి వచ్చిన శక్తి ట్యూనర్ దగ్గర గోడకు తగిలినట్టు తగిలి, కొత్త శక్తితో కలిసి మళ్ళీ తీగవైపే పోతుంది. పోయేది తిరుగుడులో కాదు, ఆ తిరుగుళ్ళలో కేబుల్ తినేసేదాంట్లో. కేబుల్ మంచిదైతే ఎస్‌డబ్ల్యుఆర్ ఎంత ఉన్నా పెద్ద బాధ లేదు.

ఇది విన్నాక శిష్యుడు సంతోషంతో ఎగిరి గంతేస్తాడు. 'అయితే గురువుగారూ, నా తీగ ఎలా ఉన్నా ట్యూనర్ ఉంది కాబట్టి ఫరవాలేదన్నమాట!' అంటాడు. అక్కడే బోల్తాపడతాడు. 'కేబుల్ మంచిదైతే' అన్న ముక్క అతని చెవికెక్కలేదు.

పైన చెప్పిన 40 మీటర్ల డైపోల్‌నే తీసుకుందాం. వంద అడుగుల సన్నపాటి ఆర్‌జీ-58 కేబుల్‌తో కట్టి, 14 మెగాహెర్ట్జుల్లో వాడదాం. తీగ నడుమ 3,000 ఓమ్‌లు ఉన్నాయనుకుంటే అక్కడ ఎస్‌డబ్ల్యుఆర్ 60. రేడియో పక్కన మీటరు పెట్టి చూస్తే ఎంత చూపిస్తుంది? సుమారు 5. మిగతా పాపమంతా కేబుల్ తనలో దాచుకుంది. బయట పెట్టుకునే ట్యూనర్లకు 5 ఒక లెక్క కాదు, నాలుగు టకటకలతో 1:1 చేసి పెడతాయి. శిష్యుడు ముల్లు చూసి మురిసిపోతాడు. నూరు వాట్లలో తీగకు చేరేవి పది కూడా ఉండవు. తక్కిన తొంభై కేబుల్ పొడవునా గోడను వెచ్చబెడుతుంటాయి.

ఇక్కడ ఒక వింత గమనించాలి. కేబుల్ ఎంత పాడైతే రేడియో దగ్గర ఎస్‌డబ్ల్యుఆర్ అంత బాగుంటుంది. ఎండకు ఎండి వానకు తడిసి, లోపల నీళ్ళు దూరిన కేబుల్‌తో ఏ తీగ కట్టినా అద్భుతమైన ముల్లు వస్తుంది. ముందు సంవత్సరం కన్నా ఈ సంవత్సరం ట్యూనర్ సుఖంగా కుదురుతోందని ఎవరైనా చెబితే, అభినందించే ముందు డాబా ఎక్కి కేబుల్ చూడమని చెప్పాలి.

రేడియోలోనే అమర్చి వచ్చే ట్యూనర్లు ఈ పాపంలో కొంత తక్కువ భాగస్వాములు. అవి మామూలుగా 3:1 దాకానే, అంటే 17 నుంచి 150 ఓమ్‌ల దాకానే సర్దగలవు. అంతకు మించితే చేతులెత్తేస్తాయి. ఆ అశక్తతనే శిష్యులు లోపమంటారు, శాస్త్రకారుడు శీలం అంటాడు. మార్గం తెలిసినవాళ్ళు ట్యూనర్‌ను బల్ల మీద కాకుండా తీగ మొదట్లోనే, డాబా మీదే, వాన తగలని డబ్బాలో పెడతారు. అప్పుడు కేబుల్‌లో నడిచేది మంచి యాభై మాత్రమే, రచ్చంతా తీగ గుమ్మం దగ్గరే తేలిపోతుంది. దానికి డాబా మీద కరెంటు కావాలి, సంఘం కార్యదర్శి అనుమతి కావాలి. రెండోది దొరకడం కష్టం.

ప్రమాణ ప్రకరణం

ట్యూనర్ కుదిరిందని ఎలా తెలుస్తుంది? ప్రత్యక్ష ప్రమాణం మీటరు. దాని విశ్వసనీయత ఎంతో పై ప్రకరణంలో చూశాం. అనుమాన ప్రమాణం: ఎక్కడ పొగ ఉందో అక్కడ నిప్పు ఉంది. తార్కికులు కొండ మీద చూపించే ఈ ఉదాహరణ హామ్ గదిలో బల్ల మీదే దొరుకుతుంది. పొగ వచ్చిందంటే రిలే కాంటాక్టులు మండాయని వ్యాప్తి. ఈ ప్రమాణం అమోఘమైనదే కానీ ఒక్కసారికే పనికొస్తుంది.

ఇక ఆప్తవాక్యం. అవతలివాణ్ణి 'నా సిగ్నల్ ఎలా ఉంది?' అని అడగడం. ఇదే అన్నిటికన్నా నమ్మదగినదని పూర్వులు తలచారు. పోటీల రోజుల్లో వినండి. ప్రతివాడూ ప్రతివాడికీ 'ఫైవ్ నైన్' ఇస్తాడు. వినపడక నాలుగుసార్లు కాల్‌సైన్ తిరిగి చెప్పించుకుని, ఐదోసారి పట్టుకుని, చివరికి 'ఫైవ్ నైన్, థాంక్యూ' అంటాడు. అంటే అత్యుత్తమంగా వినిపిస్తున్నావని. ఆప్తుడు మర్యాదస్తుడైతే ఆప్తవాక్యం ప్రమాణం కాదని ఇక్కడ తేలుతోంది.

విధి ప్రకరణం

సూత్రం: ముందు విను, తర్వాత అడుగు, ఆపైన తప్పుకో, అప్పుడు నొక్కు.

భాష్యం: ట్యూన్ బొత్తాం నొక్కడమంటే గాల్లోకి ఒక ఈల వదలడం. ఆ ఈల వింటున్నవాళ్ళు ఉంటారు. నువ్వు విన్నప్పుడు నిశ్శబ్దంగా ఉన్న ఫ్రీక్వెన్సీలో, నీకు వినిపించని చోటినుంచి ఒకరు మాట్లాడుతూ, ఇంకొకరు వింటూ ఉండవచ్చు. అందుకని 'ఈ ఫ్రీక్వెన్సీలో ఎవరైనా ఉన్నారా?' అని అడగాలి. మోర్సులో అయితే క్యూఆర్‌ఎల్ అని. జవాబు రాకపోతే కూడా ఒకటి రెండు కిలోహెర్ట్జులు పక్కకు జరిగి ట్యూన్ చేసుకోవాలి. తీగ గుణం అంత కొద్ది దూరానికి మారదు.

శక్తి పది వాట్లు చాలు. రిలేలు పడుతూ లేస్తూ ఉన్న సమయంలో నూరు వాట్లు తోస్తే ప్రతి కాంటాక్టు దగ్గరా చిన్న మెరుపు మెరుస్తుంది, దాని ఫలం అనుమాన ప్రమాణంలో చెప్పాం. వదిలే సిగ్నల్ ఎడతెగకుండా ఉండాలి. రేడియో, ట్యూనర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగ ఉంటే ఇదంతా వాటికవే చూసుకుంటాయి. లేనప్పుడు మనమే చూసుకోవాలి. సైడ్‌బ్యాండులో మాట లేనప్పుడు ఏమీ బయటికి పోదు కనుక మైకు ముందు 'హలో... హలో... హలో' అన్నవాడికి ట్యూనర్ ఒక హలోకు ఎగబడి వెతికి, సందులో దారి తప్పి, మళ్ళీ ఇంకో హలోకు మొదటినుంచి వెతుకుతుంది. 'హాఆఆఆ' అని సాగదీసినవాళ్ళున్నారు. ఈల వేసినవాళ్ళున్నారు. మోర్సు మోడ్‌లోకి మార్చి కీ నొక్కిపట్టుకోవడం శిష్ట సంప్రదాయం. అర్ధరాత్రి పక్కగదిలో పడుకున్నవాళ్ళకు కూడా అదే మేలు.

దండన విషయం. వినకుండా, అడక్కుండా, మధ్యలో ఈల పెట్టడం లాంటి తప్పులు చేసేవాళ్ళ కోసం అమెరికా హాములు వందేళ్ళ కిందటే వఫ్ హాంగ్ అనే ఒక ఆయుధాన్ని కల్పించారు. కల్పించిన ఘనత 1914లో పుట్టిన అమెరికా హాముల సంస్థ ఏఆర్‌ఆర్‌ఎల్ స్థాపకుల్లో ముఖ్యుడైన హైరమ్ పెర్సీ మాక్సిమ్‌ది. 'ది ఓల్డ్ మ్యాన్' అనే మారుపేరుతో క్యూఎస్‌టీలో రాసేవాడు. కర్రముక్కల్ని అడ్డదిడ్డంగా కట్టినట్టుండే ఆ వస్తువు కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూవింగ్టన్‌లో, ఆ సంస్థ ప్రధాన కార్యాలయంలో భద్రంగా ఉంది. దాన్ని ఎలా ప్రయోగించాలన్నది ఊహకే వదిలేశారు. తుపాకీకి సైలెన్సర్ కనిపెట్టినవాడు కూడా ఈ మాక్సిమే. తుపాకీ నోరు మూయించగలిగాడు కానీ ట్యూన్ బొత్తాం నోరు మూయించలేకపోయాడు.

వేళాకోళం పక్కనపెడితే, వినాలన్న నియమం ఉత్త మర్యాద కోసం పెట్టింది కాదు. 2004 డిసెంబరులో, హైదరాబాదు కేంద్రంగా పనిచేసే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం భారతీ ప్రసాద్ ఆధ్వర్యంలో అండమాన్‌లో స్టేషన్ తెరిచింది. ఏళ్ళ తరబడి ఆ దీవులనుంచి హామ్ సిగ్నల్ లేదు కాబట్టి ప్రపంచంలో ప్రతివాడికీ అక్కడి పలకరింపు కావాలి. అటువంటి స్టేషన్ వినిపించగానే ఆత్రంలో ఆ ఫ్రీక్వెన్సీ మీదే ట్యూన్ నొక్కేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ రేడియోలే బతికి ఉన్నవాళ్ళ కబుర్లు బయటికి చేరవేశాయి. అటువంటి వేళ మీ ఈల ఎవరి క్షేమ సమాచారం మీద పడుతుందో మీకు తెలియదు. వఫ్ హాంగ్ అప్పుడు చాలదు.

విఘ్న ప్రకరణం

నిన్న కుదిరిన తీగకు ఇవాళ ట్యూనర్ కుదరకపోతే శిష్యుడు ట్యూనర్‌ను అనుమానిస్తాడు. ముందు డాబా చూడాలి. వాన పడితే తీగ గుణం కొద్దిగా మారుతుంది. ఎవరైనా తడి బట్టలు ఆరేస్తే చాలా మారుతుంది, ఎందుకంటే మిద్దె మీద చేతికందే ఎత్తున కట్టిన ఏ తీగైనా ఇంటివాళ్ళ దృష్టిలో దండెమే. హైదరాబాదులో సంక్రాంతి వారం ప్రత్యేకం. గాలిపటాల మాంజా డైపోల్‌కు చుట్టుకుంటుంది, తీగ సాగుతుంది, ఒక్కోసారి తెగుతుంది. తెగిన తీగకు కూడా ట్యూనర్ ఏదో ఒక వృత్తం వెతికి 1:1 చేసి పెడుతుంది. అదే దాని గొప్పతనం, అదే దానితో చిక్కు. మైకు మూతికి తగిలి చురుక్కుమంటే తీగలో ఉండాల్సిన శక్తి గదిలోకి వచ్చిందని అర్థం. అప్పుడు ఎర్త్ చూసుకోవాలి, ట్యూనర్‌ను తిట్టకూడదు.

పావురాల విషయంలో శాస్త్రానికి ఉపాయం లేదు.

ప్రయోజన ప్రకరణం

మొదట దాచిపెట్టిన ప్రయోజనం ఇప్పుడు చెబుతాను. ఇన్ని నియమాలు పాటించి, ముల్లు రెండు లోపు నిలబెట్టి, సాయంత్రం 40 మీటర్లలో 'ఎవరైనా ఉన్నారా' అని సీక్యూ పిలిచామనుకోండి. విజయవాడ నుంచో విశాఖ నుంచో జవాబు వస్తుంది. ముందు సిగ్నల్ రిపోర్టులు ఇచ్చిపుచ్చుకుంటారు, ఫైవ్ నైన్, ఫైవ్ నైన్. పేర్లు, ఊళ్ళు చెప్పుకుంటారు. ఇక్కడ ఎండగా ఉంది, అక్కడ మబ్బు పట్టింది అని వాతావరణం చెప్పుకుంటారు. రెండు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. అప్పుడు అవతలాయన గొంతు సవరించుకుని 'ఓఎమ్, మీరు వాడే ట్యూనర్ ఏమిటి?' అంటాడు. సంభాషణ గంటసేపు నడుస్తుంది.